ఓడ పేరు చదివిన స్కోపు

మా ఊళ్ళో దూరం చూపించే సరుకు ఏది కొన్నా పరీక్ష ఒకటే. డాబా ఎక్కి, సముద్రంలో లంగరేసి ఉన్న ఓడ మీదికి తిప్పి దాని పేరు చదవాలి. పేరు కనబడితే సరుకు మంచిది. కనబడకపోతే అమ్మినవాడి వంశం మంచిది కాదు. విశాఖపట్నంలో పుట్టినవాడెవడూ దీన్ని ప్రశ్నించడు. నేనూ ప్రశ్నించలేదు. నా పరువు గంగలో కలిసింది అక్కడే.

నా పేరు గుణశేఖర్. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. రిటైరైన వాళ్ళంతా పొద్దున్నే పార్కులో గుంపుగా నిలబడి హా హా హా అని నవ్వుతారు, ఆరోగ్యమట. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే మల్కాపురంలో ఒక పాత గోడౌనులో నడిచే ఎయిర్ రైఫిల్ క్లబ్బులో చేరాను. ఇక్కడ పరిగెత్తక్కర్లేదు, నవ్వక్కర్లేదు. కుర్చీలో కూచుని, బల్ల మీద ఇసుక సంచీ వేసి, దాని మీద తుపాకీ ఆనించి, ఇరవై ఐదు మీటర్ల దూరంలో ఉన్న అట్ట మీద కాల్చాలి. అట్ట నిండా ఇరవై ఐదు గుండ్రాలు, ఒక్కోదాని నడుమ ఆవగింజంత చుక్క. తుపాకీ బరువు బల్ల మోస్తుంది, మన బరువు కుర్చీ మోస్తుంది. అరవై దాటినవాడికి ఇంతకన్నా మంచి ఆట దేవుడు కూడా కనిపెట్టలేడు.

ఇందులో అసలు పనంతా తుపాకీ నెత్తిన బిగించే స్కోపుది. ఆవగింజని గుమ్మడికాయ చేసి చూపించే గొట్టం అన్నమాట. నా పాత స్కోపు ఆవగింజని శనగగింజ దాకా తెచ్చి అలిసిపోయేది. కిందటేడు క్లబ్బు పోటీలో నేను చివరి నుంచి రెండోవాణ్ణి. చివరివాడు తుపాకీ తేవడం మరిచిపోయాడు. ఈ ఏడైనా మంచి స్కోపు కొనాలని గట్టిగా అనుకున్నాను.

స్కోపు సంగతి తెలియాలంటే మా క్లబ్బులోని దేవదానాన్ని అడగాలి. ఆయన పోర్టు సిగ్నల్ స్టేషన్లో చేసినవాడు. సముద్రం అంచున చుక్క కనబడగానే అది ఏ ఓడో, ఏ జెండానో అందరికన్నా ముందు చెప్పేవాడని పేరు. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా పేపరు కళ్ళజోడు లేకుండా చదువుతాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. మేమంతా చత్వారం కళ్ళజోళ్ళని దొంగసొత్తులా జేబుల్లో దాచుకునేవాళ్ళం. ఆయన ముందు తీసి పెట్టుకోవాలంటే చచ్చేంత సిగ్గు.

ఆయన్ని వెంటబెట్టుకుని బీచి దగ్గర దొరబాబు కొట్టుకి వెళ్ళాను. దొరబాబు మూడు స్కోపులు తీసి, ఆనవాయితీ ప్రకారం డాబా మీదికి తీసుకెళ్ళాడు. మొదటి దాంట్లో ఓడ ఉందని తెలుస్తోంది, అంతే. రెండోది కాస్త నయం. మూడోది ముప్పై రెండు రెట్లు పెద్దది చేసి చూపించే రకం. దేవదానం దానికి కన్నానించి అరనిమిషం ఊపిరి బిగబట్టాడు.

"ఎర్ర ఓడ. సీ గార్లండ్. పనామా జెండా. ఇదే తీసుకో బావా," అన్నాడు.

నేను చూశాను. నిజమే, ఎర్ర ఓడ, సీ గార్లండ్. పేరే కాదు, దాని మీద ఎవడో ఆరేసుకున్న లుంగీ గళ్ళు కూడా కనబడ్డాయి. ఇంకేం కావాలి? కొనేశాను. ఇంటికి తేగానే మా ఆవిడ పైడితల్లి కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. కొత్త బండికి పెట్టినట్టు అద్దం మీద పెట్టబోతుంటే చేతులు పట్టుకుని బతిమాలి, బొట్టు గొట్టానికి పెట్టించాను.

మర్నాడు క్లబ్బులో బిగించి చూశాను. అట్ట లేదు. గుండ్రాలు లేవు. చోడంబలి కుండలోకి తొంగిచూసినట్టు ఒకటే మసక. మసక సర్దడానికి స్కోపు పక్కనుండే చక్రం ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాను. అంబలి కాస్త పలచనైంది, అంబలే. దేవదానాన్ని పిలిచాను. ఆయన చూసి, అద్దంలా ఉంది కదా అన్నాడు. నా పక్క బల్ల చలమయ్య చూసి, అద్భుతం అన్నాడు. మిగతా నలుగురూ వరసగా వచ్చి, ఒక్కొక్కడూ కన్ను పెట్టి, ఆహా అని, నా భుజం తట్టి వెళ్ళారు.

ఆరుగురికి కనబడుతోంది. నాకు కనబడ్డం లేదు. అంటే లోపం గొట్టంలో లేదు.

మా నాన్నకి సరిగ్గా అరవై దాటాక నీటికాసులొచ్చాయి. ముందు మసకన్నాడు, ఎవరం పట్టించుకోలేదు. చివరి రోజుల్లో మా అమ్మని గాజుల చప్పుడుతో గుర్తుపట్టేవాడు. మిట్టమధ్యాహ్నం దీపం పెట్టారా అని అడిగేవాడు. అది గుర్తొచ్చింది. నాకు భయం వేసింది. కోపిష్టివాడికి భయం వేస్తే ఎలా ఉంటుందో తెలుసా? ఎవరి మీద అరవాలో తెలియదు.

పైడితల్లికి చెప్పలేదు. ఆవిడ ఇరవై ఏళ్ళుగా సీతమ్మధారలో కళ్ళాసుపత్రిలో పేర్లు రాసే చోట పని చేస్తోంది. చెబితే చెవి పట్టుకుని తీసుకెళ్తుంది. తీసుకెళ్తే డాక్టరు ఏదో ఒకటి చెబుతాడు. చెబితే అది నిజమైపోతుంది. మూడు వారాలు ఆ భయంతోనే బతికాను. బస్టాపులో నిలబడి ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి బస్సు నంబర్లు చదివాను. ఒకావిడ నేను కన్ను కొడుతున్నాననుకుని చెప్పు మీద చెయ్యి వేసింది. మోకాలి నొప్పి అని చెప్పి స్కూటరు మానేశాను. కళ్ళు నిలబెడితే తలనీలాలిస్తానని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను. నా తల మీద ఉన్నవి లెక్కపెట్టదగినన్ని. స్వామి ఆ బేరానికి ఒప్పుకుంటాడో లేదో అని అదొక దిగులు.

రాత్రి అన్నం తినేటప్పుడు పైడితల్లి మొహం చూస్తూ కూచునేవాణ్ణి.

"ఏటలా సూత్తన్నావు, పెళ్ళిసూపుల్లోలాగ?" అంది ఒకరోజు.

ఏం లేదన్నాను. ముప్పై ఆరేళ్ళలో ఆవిడ ముక్కు పక్కన పుట్టుమచ్చ ఎటువైపు ఉందో నాకు తెలియదు. కుడివైపు. అది కంఠతా పట్టాను.

పోటీ రోజు వచ్చింది. ఇంటివాళ్ళు కూడా వస్తారు ఆ రోజు. రానని అంటే ఎందుకంటారు, అందుకని వెళ్ళాను. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఇరవై ఐదు గుళ్ళూ ఆ మసకలోకి కాల్చాను. అట్టలు తెచ్చారు. నా అట్ట మీద పద్దెనిమిది చిల్లులు. పక్కనే కూచున్న చలమయ్య అట్ట మీద ముప్పై రెండు. చలమయ్య తన ఇరవై ఐదూ తాను కాల్చాననీ, మిగతా ఏడూ ఎవరివో తేల్చాలనీ గోల మొదలెట్టాడు. పోనీ ఆ ఏడింటిలో రెండు నడి చుక్కలో పడ్డాయి, అందుకైనా కృతజ్ఞత లేదు వెధవకి.

పైడితల్లి నన్నే చూస్తోంది. ఏమీ అనకుండా వచ్చి నా కుర్చీలో కూచుని, స్కోపుకి కన్నానించింది.

"ఏటీ కనబడ్డం లేదు. అంతా మబ్బే," అంది.

చలమయ్య గోల ఆపి మా వైపు తిరిగాడు.

"నీక్కూడానా?" అన్నాను. అక్కడే నేల మీద కూలబడ్డాను. కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడకి మూడు వారాలూ ఒక్కసారే అర్థమైనట్టున్నాయి. నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, ఈ చక్రం మీద అంకెలేమిటో ఎవరైనా చదవండి అంది. ఎవడూ కదల్లేదు. కళ్ళజోడు తియ్యాలి కదా! చివరికి దేవదానం వంగాడు. ముక్కు ఆనేంత దగ్గరగా మొహం పెట్టి, చీమ తలంత అంకెల్ని కళ్ళజోడు లేకుండా గడగడా చదివేశాడు. యాభై, వంద, రెండొందలు, చివర్న అంతులేని దూరానికి గుర్తుగా అడ్డంగా పడుకున్న ఎనిమిది.

ఇరవై ఐదు లేదా అని అడిగింది పైడితల్లి. లేదన్నాడు.

అదీ సంగతి. యాభై మీటర్ల లోపు ఉన్నది ఆ స్కోపుకి కనబడదు. సముద్రంలో ఓడైతే లుంగీతో సహా చూపిస్తుంది, ఎదురుగా ఉన్న అట్టని చూపించలేదు. ఈ చక్రం మొదటిరోజే చదివి ఉంటే సరిపోయేది. నా కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, వెంటనే ఆరుగుర్నీ తన్నాలనిపించింది. మరి మీకెలా కనబడిందిరా అని చలమయ్య చొక్కా పట్టుకున్నాను. దేవదానం బాగుందన్నాడు కదా, లేదంటే మన కళ్ళే పోయాయంటారని బాగుందన్నానన్నాడు. మిగతా నలుగురూ నేల చూపులు చూశారు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నారు ఈ పెద్దమనుషులు! ఆ గాట్లో మూడు వారాలు నేను చచ్చాను.

అందరూ నవ్వుతున్నారు, పైడితల్లి తప్ప. ఆవిడ దేవదానాన్ని చూస్తోంది.

"అన్నయ్యా, ఆ గేటు కాడ నిలబడ్డది ఎవులు?" అని మెల్లగా అడిగింది.

దేవదానం తలెత్తి చూశాడు. గేటు మాకు ముప్పై అడుగుల దూరం కూడా ఉండదు.

"ఎవులేటి, వాచ్‌మన్," అన్నాడు.

గేటు దగ్గర నిలబడ్డది ఆయన భార్య ఆరోగ్యమ్మ. తెల్ల చీర కట్టుకుని, చేతిలో క్యారేజీ పట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

మా మొహాలు చూసి ఆయనకి అర్థమైంది. కుర్చీ తడుముకుని కూచున్నాడు.

"రెండేళ్ళయింది బావా," అన్నాడు. "ఓడ పేరు నాను సూసి సెప్పడం లేదు. పోర్టోళ్ళ లిస్టు ఫోన్లో వత్తాది గదా, పొద్దున్నే అది సదివేసుకుంటాను. సర్చిలో బల్ల మీది వాక్యం కనబడకపోయినా కంఠతా వచ్చు. నీ స్కోపులో మబ్బుగా ఉందనిపించింది. నాకు లోకమంతా అలాగే ఉంటాది గదా అని, అద్దంలా ఉందన్నాను."

నేను నోరు తెరిచాను. ఈయన చెప్పిన ఒక్క మాట వల్ల మూడు వారాలు నరకం చూశాను, తిట్టడానికి హక్కుంది. తిట్టలేకపోయాను. నావి మూడు వారాలు. ఆయనవి రెండేళ్ళు, ఎవరికీ చెప్పకుండా.

పైడితల్లి ఆయన పక్కన కూచుని సంగతి చెప్పింది. దూరం చూపు మందగించి, దగ్గరది మాత్రం ఈ వయసులో కళ్ళజోడు లేకుండా కనబడుతోందంటే చాలావరకు అది శుక్లమేనట. కళ్ళు బాగున్నాయని మేమందరం దేన్ని చూసి కుళ్ళుకున్నామో, జబ్బు గుర్తు అదే. సోమవారం పొద్దున ఆయన్ని సీతమ్మధార తీసుకెళ్ళింది నేను, నా స్కూటరు మీద. దారి పొడుగునా బస్సు నంబర్లు పైకి చదివి వినిపించాను. ఆయన నన్ను నోరు ముయ్యమన్నాడు.

శుక్లాలే. రెండు కళ్ళకీ ఆపరేషను చేశారు.

రెండు నెలల తర్వాత స్కోపు మార్చుకోడానికి మళ్ళీ దొరబాబు డాబా ఎక్కాం. ఈసారి క్లబ్బంతా వచ్చింది, కళ్ళజోళ్ళు బాహాటంగా ముక్కుల మీద పెట్టుకుని. నా తల గుండు. పోని కళ్ళకి మొక్కేమిటని వాదించాను, మొక్కు మొక్కే అంది పైడితల్లి. టేపు పెట్టి కొలిచి, ఇరవై ఐదు మీటర్ల అవతల పక్కింటి పిట్టగోడకి మందుల చీటీ ఒకటి అంటించాం. చక్రం మీద పది నుంచి అంకెలున్న స్కోపు తీసుకుని, డాక్టరు రాత తప్ప అన్నీ చదివాను. అది ఎవరి తరమూ కాదు కాబట్టి స్కోపు పాసైంది.

దేవదానం ఒకసారి ఇవ్వమని తీసుకుని సముద్రం వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. పేరేమిటి బావా అంటే, ఉండు, చదవనివ్వమన్నాడు. ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదువుతున్నాడు. ఆయన ఫోను కింద కొట్లో దొరబాబు బల్ల మీదే ఉండిపోయింది.

తర్వాత స్కోపు నా చేతికిచ్చి, పిట్టగోడ మీంచి ఉత్త కళ్ళతోనే కిందకి చూశాడు. రోడ్డు మీద ఆటో దిగి, ఆరోగ్యమ్మ కొంగు సర్దుకుంటూ కొట్టు వైపు వస్తోంది. ఆవిడ మెట్ల దాకా వచ్చినా ఆయన చూపు తిప్పలేదు.

"ఆరోగ్యం ముసల్దయిపోయింది బావా," అన్నాడు. "నాను సూడనే లేదు."

ఆ మాట కిందకి వెళ్ళాక అనొద్దని చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ, విన్నట్టు లేదు. అప్పటికే మెట్లు దిగుతున్నాడు, గోడ పట్టుకోకుండా.