జంపక్క చేటలో ల్యాప్‌టాప్

చర్ల దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ఊళ్లో సిగ్నల్ జంపక్క అరుగు మీద తప్ప ఎక్కడా నిలవదు. అందుకే అరుణశ్రీ రోజూ పదింటికి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆ అరుగెక్కుతుంది. హైదరాబాద్ కంపెనీలో ఆమె యూఎక్స్ రైటర్. అంటే యాప్ తెరవగానే ఏ మాట కనబడాలి, ఏ బటన్ మీద ఏం రాయాలి అన్నది ఆమె పని. బటన్ల మీద రాస్తే జీతమెవరిస్తారని ఊళ్లో లచ్చయ్య రెండేళ్లుగా అనుమానపడుతున్నాడు. చొక్కాకి రెండే గుండీలు మిగిలిన మనిషికి ఆ అనుమానం సహజమే.

జంపక్క కూడా అదే అరుగు మీద చేట పట్టుకుని కూర్చుంటుంది. బియ్యం చెరుగుతుంది, రాసిన కాగితాలూ చెరుగుతుంది. కాగితాన్ని చేటలో వేసి నాలుగుసార్లు ఎగరేస్తే తాలు మాటలు గాలికి లేచిపోతాయి, గింజ మాటలు కాగితం మీదే ఉంటాయి. సీతయ్య కూతురి పెళ్లి పత్రిక చెరిగితే భోజనాల వేళ మిగిలింది. దూలయ్య సర్పంచికి నిలబడ్డప్పుడు అతని కరపత్రం చెరిగితే ఫొటో, ప్రెస్సువాళ్ల ఫోన్ నంబరు మిగిలాయి. మాటలు పోయినందుకే ఓడిపోయానంటాడు దూలయ్య. ఫొటో మిగిలినందుకని ఊరంటుంది.

ఈసారి అరుణశ్రీకి వచ్చిన పని 'తేనెదారి' అనే యాప్. అడవిలో తేనె తీసేవాళ్లు అందులో పేరు చేర్చుకుంటే కంపెనీయే ఊళ్లోకి వచ్చి కొనుక్కుంటుంది. సోమవారం మొదలవ్వాలి. మొదటి పేజీ బాగుంటే ఉద్యోగం పర్మినెంట్ అని మేనేజర్ రామ్‌చందర్ చెప్పాడు. చెప్పి, ఆమె రాసింది మూడుసార్లు తిప్పి పంపాడు. చదివితే గుండె కరగాలట. ఆయన గుండె ఎక్కడుందో తెలియక అరుణశ్రీ చెంచాలతో పోసినట్టు తీపి పోసింది.

శుక్రవారం నాటికి ఆమెకు ఓపిక అయిపోయింది.

"పెద్దమ్మా, జర దీన్ని చెరిగి పెట్టవా. ఏ మాటకు బరువుందో నాకే తెలుస్తలేదు."

"కాయితమేది?"

"లేదు. గిదే."

జంపక్క ల్యాప్‌టాప్‌ని చేటలో పెట్టుకుని బరువు చూసింది. "మీ ఆఫీసోళ్లు మాటలు డబ్బతోటే ఇస్తరా," అని ఎగరేసింది.

'ప్రకృతి ఒడిలో' లేచి ఇంటి కప్పు మీద పడింది. 'నమ్మకమైన బంధం' పక్కింట్లో ఆరేసిన బొజ్జయ్య పంచెకి అంటుకుంది. అది చూసి బొజ్జయ్య పెళ్లాం పొద్దూకేదాకా నవ్వుతూనే ఉంది. 'సాధికారత'ని ఒక కోడి ముక్కున కరుచుకుని, మింగుడుపడక వదిలేసింది.

చివరికి తెర మీద 'చేరండి' అనే బటనూ, దాని కింద బూడిద రంగులో చీమల బారులాంటి ఒక వాక్యమూ మిగిలాయి. అరుగు దగ్గరికొచ్చిన కళావతి, సంతలో తేనె అమ్ముకునే మనిషి, కళ్లు చికిలించి కూడబలుక్కుంటూ చదివింది. 'చేరినవారు మూడేళ్ల వరకు తేనెను ఇతరులకు అమ్మరాదు.'

"గిదేంది బిడ్డా? ఇగ సంతల అమ్మొద్దా?"

"అమ్మొద్దత్తా."

"సోమారం అందరు నొక్కుర్రి అని తేనె తీసే మా పదిమందికి చెప్పింది నువ్వే గద."

"అవ్, నేనే."

"మరి గీ ముచ్చట ఎవలు రాసిన్రు?"

"లాయరు రాసిండు. చిన్నగ చేసింది నేను."

"మంచిగ చేసినవ్," అంది కళావతి. "చీమలు చదువుకుంటయి."

అరుణశ్రీ ల్యాప్‌టాప్ తీసుకుని ఆ చీమల వాక్యాన్ని పేజీ పైకి లాగి, గోడ మీది రాతంత పెద్దది చేసింది. 'ఇందులో చేరితే మూడేళ్లు మీ తేనె మాకే అమ్మాలి.' దాని కింద సరిసమానంగా రెండు బటన్లు పెట్టింది. ఒకటి 'సరే, మీకే అమ్ముతా'. రెండోది 'వద్దు, సంతకు పోతా'. నొక్కితే ఏమవుతుందో బటన్ మీదే ఉండాలన్నది ఆ పనిలో మొదటిరోజు నేర్పే పాఠం. ఆమె కొత్తగా చేరినవాళ్లకి చాలాసార్లు నేర్పింది కూడా. జంపక్క మళ్లీ చెరిగింది. ఏదీ లేవలేదు.

సోమవారం పేజీ రామ్‌చందర్‌కి చూపించకుండానే అలాగే బయటికి వెళ్లింది. మధ్యాహ్నానికల్లా పదిమందీ రెండో బటన్ నొక్కారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ నొక్కారు. జన్మలో తేనెపట్టు దగ్గరికి పోని లచ్చయ్య నాలుగుసార్లు నొక్కాడు.

రామ్‌చందర్ ఫోన్ చేశాడు. "అరుణా, ఏందిది? పాత మాటలు పెట్టు."

"నిలుస్తలేవు సార్. లేచిపోతున్నయి."

"నేను పెడతా ఆగు."

పెట్టాడు. హైదరాబాద్‌లోనూ లేచిపోయాయి. ఏసీ గాలికి గదంతా తిరిగి అందరికీ తుమ్ములు తెప్పించాయట. సాయంత్రానికి ఆయన మెత్తబడి పెద్ద మెయిల్ పంపాడు. అరుణశ్రీ కంపెనీకి వెన్నెముకట, ఇంట్లో మనిషట. నిలిచే మాట రాయడం ఆమెకే చేతనవునట, ఉద్యోగం రేపటినుంచే పర్మినెంటట. ఆమె ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగింది. రెండేళ్లుగా దానికోసమే కదా ఆ అరుగెక్కుతోంది.

"దీన్ని గూడ ఒకసారి, పెద్దమ్మా."

జంపక్క ఎగరేసింది. అన్నిటికంటే ముందు 'పర్మినెంట్' లేచింది. అరుగు దాటి, కంచె దాటి, తాటిచెట్ల మీదుగా అడవిలోకి పోయింది. అది కనబడినంతసేపూ అరుణశ్రీ చూసింది. వెన్నెముకా ఇంట్లో మనిషీ దాని వెనకే పోయాయి. తెర మీద, మెయిల్ మధ్యలో ఇరికించిన ఒక్క ముక్క మిగిలింది. 'ఆ లైన్ మళ్లీ చిన్నగా చెయ్యి.'

దాని కింద ఆమె ఒక్క మాట కొట్టింది. 'చెయ్యను.'

పంపే ముందు ఆమే ల్యాప్‌టాప్‌ని చేటలో పెట్టింది. జంపక్క నాలుగుసార్లు ఎగరేసింది. ఆ మాట కదల్లేదు. జంపక్క లేచి నిలబడి, కొంగు బిగించి, మోచేతులు నొప్పెట్టేదాకా ఎగరేసింది.

చేట దించి, మణికట్టు పిసుక్కుంటూ, "మస్తు బరువుంది. పంపు," అంది.