చెమట పట్టిన కారు షెడ్డు

జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే వెంకటకృష్ణారావు గారు కారు కొన్నారు. కొన్నాక దానికో ఇల్లు కట్టారు. ఇంటి వెనక సందులోకి తెరుచుకునే ఇనప షట్టరు, పైన రేకులు, కింద నున్నటి టైల్సు! ఆయన భార్య జ్ఞానప్రసూనాంబకి పెళ్లయిన ఇన్నేళ్లలో అలాంటి వంటిల్లు దక్కలేదు. సరే, కారు అదృష్టం కారుది.

ఆ షెడ్డులోనే ఓ మూల ఆవిడ అప్పడాలకి చోటిచ్చారు. పగలు డాబా మీద ఎండబెట్టి, సాయంత్రం చాపలతో సహా దింపి షెడ్డులో మంచాల మీద పరుచుకోవాలి. ముందు గదిలో పెడితే వచ్చేపోయేవాళ్లకి మినప్పిండి వాసన కొడుతుందట. "అప్పడాలు బాగాలేవని ఒక్క మాట వచ్చిందా, ఈ గోల ఆ రోజుతో సరి," అని ఆయన ముందే తేల్చేశారు. ఆవిడకి అది గోల కాదు. బుద్ధెరిగాక ఇది నాది అని చెప్పుకోగలిగిన పని అదొక్కటే. నందిగామలో ఓ స్వీట్ల కొట్టువాళ్లు రుచి చూసి నెలనెలా కావాలన్నారు.

ఇక షెడ్డు సంగతి. దీపాలు పెట్టే వేళకి పెరటి తలుపు తీసి ఉంటే లక్ష్మి వెళ్లిపోతుందని వాళ్లింట్లో పట్టింపు. షెడ్డు వెనక సందులోకి ఉంది కాబట్టి అదీ పెరటి తలుపే అన్నారు వెంకటకృష్ణారావు గారు. పొద్దు వాలగానే షట్టరు నేలకి ఆనేదాకా దించేవారు. మేస్త్రి రత్నబాబు గోడ పైన వదిలిన రెండు వెంటిలేటర్లు చూసి, "ఇందులోంచి పోదా ఏంటి?" అని వాటినీ సిమెంటుతో పూడ్పించారు. లక్ష్మి అంత సన్నగా ఉంటుందని ఆయనకెవరు చెప్పారో!

షట్టరు దించేముందు మరో సేవ. కొట్టునుంచి రాగానే కారుకి తలంటు. నీళ్లోడుతున్న కారుని అలాగే లోపల పెట్టేవారు. ఇంజను వేడికి ఆ తడంతా ఆవిరై పైకి లేచేది. కార్తీకం వచ్చి రాత్రులు చల్లబడ్డాక, ఆ ఆవిరి చల్లటి రేకుల అడుగున బొట్లుబొట్లుగా పేరుకుని, తెల్లారేసరికి అప్పడాల మీద టపటపా రాలేది. మొదటి ఆర్డరులో సగం బూజుపట్టి పెంటకుప్పకి పోయింది. ప్రసూనాంబ చేతులు పడిపోయేలా మళ్లీ వత్తి, ఎలాగో మాట దక్కించుకుంది.

"రేకులు కారుతున్నాయి," అన్నారు ఆయన. వాన చుక్క పడి వారాలైంది. అయినా రేకుల మీద తారు పూయించారు. గళ్లుప్పు చెమ్మని లాగేస్తుందని ఎవరో చెబితే మూలమూలా ఉప్పు బస్తాలు పెట్టించారు. ఉప్పు నిజంగానే లాగింది, లాగి లాగి కరిగి టైల్సు మీద మడుగు కట్టింది. ఆఖరికి, "నీ అప్పడాల తడే ఇదంతా," అని భార్య మీదికి తిప్పారు. అవును మరి, అప్పడాల్లోంచి వానలు కురుస్తాయి!

ఓ రోజు ఆయన కారేసుకుని నందిగామ పెళ్లికెళ్లి ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. ప్రసూనాంబ షట్టరు మోకాలెత్తు తీసి ఉంచింది. తెల్లారి చూస్తే రేకులు పొడిగా ఉన్నాయి, అప్పడాలు గలగలలాడుతున్నాయి.

ఆయన రాగానే ఆశగా చెప్పింది. "తడి కారు లోపల పెట్టకండి. తుడిచి, ఇంజను చల్లారాక పెట్టండి. షట్టరు కాస్త తీసి ఉంచుదాం, ఆ వెంటిలేటర్లు తెరిపించండి. గాలాడితే చాలండి."

"రాత్రంతా పెరటి తలుపు తీసి ఉంచావా? ఇల్లు గుల్ల చేద్దామనా?" ఆయన ఒంటికాలి మీద లేచారు. "ఈసారి పాడైతే అప్పడాలు బంద్. అంతే!"

ఆవిడ చాపలన్నీ చుట్టి పక్కింటి భారతీదేవి వసారాలోకి చేర్చేసింది. ఆయన గమనించనేలేదు. ఆయన చూసేది కారుని కదా.

వారం తిరక్కుండా కారు కొత్త సీట్ల మీద తెల్లగా బూజు తేలింది. అయ్యో, ఆ పొద్దున ఆయన పెట్టిన కేకలు! సొంత అన్న పోయినా అంత గొడవ చెయ్యరు. మధ్యాహ్నానికల్లా రత్నబాబు వచ్చి రెండు వెంటిలేటర్లూ పగలగొట్టాడు. దీపాల వేళ షట్టరు బారెడు పైకి లేచింది. గాలాడితే చెమ్మ ఉండదన్న రహస్యాన్ని తానే కనిపెట్టినట్టు కొట్టులో అందరికీ చెప్పుకుని, రాత్రి భోజనాల దగ్గర ఆయన ఉదారంగా అన్నారు.

"ఇదిగో, షెడ్డులో ఇప్పుడు గాలాడుతోంది. నీ చాపలు పరుచుకో."

"అక్కర్లేదండి," అంది ప్రసూనాంబ అన్నం వడ్డిస్తూ. "నెల రోజులు నా అప్పడాలు కుళ్లితే మీకు వాసన తగల్లేదు. సీటుకి బూజు పట్టేసరికి పూట తిరక్కుండా గోడ పగిలింది. ఆ కారు పాటి చెయ్యను నేను."

"మరి ఆర్డరు?"

"నిన్ననే నందిగామ చేరింది. ఇకనుంచి భారతీదేవి వదినా నేనూ కలిసి చేస్తున్నాం, వాళ్ల వసారాలోనే."

"నన్నొక్క మాట అడక్కుండానే?"

"వెంటిలేటర్లు తెరిపించమని అడిగాగా," అంది ఆవిడ. పప్పు గిన్నె ఆయన ముందుకు జరిపి, పిండి తడపాలంటూ పక్కింటికి వెళ్లిపోయింది.