రెప్ప కొట్టకుండా

"రేపు తనిఖీకి వస్తున్నరు, డానియల్. గా ఒక్క గంట నీ బిడ్డ సప్పుడు చెయ్యకుంటే బడిల ఉంచుకుంట. చేసిందా, టీసీ తీస్కపోవుడే," అన్నారు హెడ్‌మాస్టర్ బాలకృష్ణ సార్.

తల వంచుకుని సరేనన్నాను. ఆయన తప్పు లేదనే అనుకున్నాను. మా మెర్సీకి తొమ్మిదేళ్లు. ఉండుండి మెడ విదిలిస్తుంది, గొంతులోంచి "క్కీ" అంటుంది. చెయ్యి కూడా ఆగదు. మొన్న పదకొండింటికే బడి గంట కొట్టేసింది. సగం మంది పిల్లలు సంచులు సర్దుకుని గేటు దాటారు. ఇది టూరెట్ అనే జబ్బు, కావాలని చేసేది కాదు అని నల్లగొండ డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టాను కానీ నమ్మలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. మనసు పెడితే మనిషి ఏదైనా ఆపుకోగలడని నా నమ్మకం.

"ఒక్క గంట ఓర్సుకో బిడ్డా. బాపు కోసం."

"సరే బాపు."

మర్నాడు వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. గంటసేపూ మెర్సీ కదలకుండా కూర్చుంది. బల్ల అంచు పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి. తనిఖీకి వచ్చినాయన వెళ్లాక హెడ్‌మాస్టర్ నా భుజం తట్టారు. "సూసినవా? జర భయం పెడితే దారికొస్తది." నాకూ అలాగే అనిపించింది.

బండి మీద మా ఊరు కట్టంగూర్ వస్తున్నాం. పత్తిచేల దగ్గర "ఆపు బాపు, ఆపు!" అని నా చొక్కా గుంజింది. ఆపీ ఆపకముందే దూకి చేలోకి పరుగెత్తింది.

మెడ, భుజాలు, చేతులు, ఒళ్లంతా ఎగిరెగిరి పడింది. క్కీ, క్కీ, క్కీ. చేలోని పిట్టలన్నీ లేచిపోయాయి. నేను గట్టు మీద నిలబడిపోయాను. ఆ గంటలో రావలసినవన్నీ, ఒక్కటీ తగ్గకుండా, ఇప్పుడు వస్తున్నాయి. ఇంత చిన్న ఒంట్లో వీటన్నిటినీ ఎట్లా పట్టి ఉంచింది?

చాలాసేపటికి చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎట్ల ఆపినవ్ బిడ్డా?"

"నువ్వు రెప్ప కొట్టకుంట ఉండు, ఎర్కైతది. నేను లెక్కవెడ్త."

పద్నాలుగు దగ్గర నీళ్లు కారాయి. పంతొమ్మిదికి ఓడిపోయాను. మెర్సీ పగలబడి నవ్వింది.

"గింతేనా బాపు! డిగ్రీ సదివినవ్ గద!"

మార్కెట్లో బస్తాలు మోసి చదువుకున్నానని ఇన్నాళ్లూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ గట్టు మీద నా బిడ్డ వైపు తలెత్తి చూడాలనిపించింది.

మర్నాడు డాక్టరమ్మ రాసిచ్చిన ఆ కాగితం పట్టుకుని హెడ్‌మాస్టర్ గదికి వెళ్లాను.

"సార్, మా మెర్సీ సప్పుడు చేస్తది. రోజూ చేస్తది. ఆపుమని ఇగ నేను చెప్ప."

"నిన్న మంచిగనే ఉండె గదనయ్యా!"

"ఒక్క నిమిషం రెప్ప కొట్టకుంట ఉండుండ్రి సార్. నా బిడ్డ గట్లనే గంట ఓర్సుకున్నది."

ఆయన నవ్వారు. అయినా కళ్లద్దాలు తీసి గోడ గడియారం వైపు చూశారు. ముప్పై సెకన్లు కాకముందే జేబురుమాలు వెతుక్కున్నారు.

పక్క తరగతిలోంచి "క్కీ" అని వినిపించింది.

తడి కళ్లతోనే అటు తిరిగారు.

"గంటసేపా?" అన్నారు మెల్లగా. తర్వాత చెయ్యి చాపారు. "ఏదీ, గా కాగితం ఇటియ్యి."