వాన పడని నవల

రొట్టె మాడిన వాసన వాకిలి దాటేదాకా ఈరక్కకు తెలియలేదు. చేతులు జొన్నపిండి తడుతూనే ఉన్నాయి. మనసు మాత్రం తన నవలలో సుంకమ్మ పక్కన నిలబడి ఉంది. సుంకమ్మ కొంగు నడుముకు దోపుకుని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వాన వస్తుందేమోనని పైకి చూస్తోంది. ఎండాకాలం ముందు నుంచీ అలా చూస్తూనే ఉంది.

"అమ్మా, నిద్రపోతాండావా ఏంది?" వాకిట్లో బండి తుడుచుకుంటున్న కొడుకు ఆంజనేయ కేకేశాడు. "పెనం మీద రొట్టె బొగ్గయితాంది. నీ నిద్ర సంగతి అవ్వ చెప్పేదిలే!"

నవ్వుతూనే అన్నాడు. మంచి రొట్టెలు రెండు తిని అంగడికి పోయాడు. మాడింది ఈరక్క తాను తినే తట్టలో వేసుకుంది. ఆ ఇంట్లో మాడింది ఎప్పుడూ ఆమెదే.

ఆమె రాత రొట్టెల దగ్గరే పుడుతుంది. ముద్ద అరచేతి కింద తిరుగుతూ పలచబడేటప్పుడు వాక్యమూ తిరుగుతుంది. అంచు పగిలితే మళ్లీ ముద్ద చెయ్యాల్సిందే. పొయ్యి ఆరాక, అంట్లు తోమాక, మనవరాలిని బడికి పంపాక, నిలబడిన వాక్యాలను కాగితం మీద పెడుతుంది. కోడలు శివలీల అంగన్‌వాడీ నుంచి వచ్చి వాటిని ఫోన్లో కొడుతుంది. మామ పోయాక అత్త చేత అక్షరాలు దిద్దించింది కూడా శివలీలే. ఆయన ఉన్నన్నాళ్లూ "బస్సు మీద రాసిండేది నేను సదువుతా గదా, నీకెందుకే అచ్చరాలు?" అనేవాడు. ఆయన లేకుండా ఆమెకు బస్సెక్కే పని పడింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఎక్కనివ్వలేదు.

మొగుని పేరు నోటితో పలకడం ఈరక్క ఎరగదు. అందుకే నవలలో సుంకమ్మ మొగుడికి కూడా పేరు పెట్టలేదు. 'ఆయప్ప' అనే రాసింది.

నిన్న సాయంత్రం శివలీల ఎగతాళి చేసింది. "ఏమత్తా, ఇంగా వాన పడలేదా? మన ఆలూరు పక్క కరువు కన్నా నీ నవలలో కరువే పెద్దదిగా ఉండాదే!"

"పడతాదిలే."

"ఎప్పుడు? ఊరంతా మొగులు సూసి సూసి మెడలు నొప్పి పుట్టిండాయి. సుంకమ్మ బిడ్డ గంగకు జడ వేస్తావు, విప్పుతావు, మల్లా వేస్తావు. కథ మాత్రం వాకిలి దాటదు. ఆ పిల్ల ఒక్క మాటన్నా మాట్లాడదేమత్తా?"

ఈరక్క కాగితాలు సర్దుకుంది. గంగ అన్న పేరు యాడిదని కోడలు అడగలేదు. అడిగినా చెప్పి ఉండేది కాదు.

ఆంజనేయ అప్పటికి పుట్టలేదు. తన తొలిబిడ్డ గంగకు జడ వేసేంత జుట్టు వచ్చిన ఏడు తొలకరి ఆలస్యమైంది. పడిన రాత్రే పిల్లకు ఒళ్లు కాలిపోయే జ్వరం. తెల్లారి పిల్లను భుజాన వేసుకుని, ఆలూరు డాక్టరు దగ్గరికి పోతానని బస్సుకు బయలుదేరితే, ఎద్దులు కడుతున్న మొగుడు తిరిగి చూశాడు. "పదును పోతే మల్లా రాదు. పిల్ల యాడికి పోతాది?" తడి ఆరేలోపు విత్తనం పడాలి. గొర్రు వెనక నడుస్తూ గింజలు సమంగా జారవిడిచే చెయ్యి ఇంటి ఆడదానిది. ఈరక్క చెయ్యంత సమమైన చెయ్యి ఊర్లో లేదని ఆయన పదిమందిలో అనేవాడు. బతుకంతా మెచ్చుకున్నది ఆ ఒక్కదానికే. ఆ మెప్పే ఆ రోజు ఆమెను చేనికి కట్టేసింది. గట్టు మీద బండి కింద చీరతో ఉయ్యాల కట్టి గంగను పడుకోబెట్టారు. సాలు తిరిగినప్పుడల్లా ఉయ్యాల వైపు చూసింది. అటు అడుగు వేయబోతే "సాలు నడమ నిలబడగూడదు" అని ముందు నుంచి గదమాయింపు. ఒకసారి ఉయ్యాల కదిలింది. ఇంకో సాలుకు కదలలేదు. గాలి ఆగిందేమో అనుకుంది.

ఊరికి తెలిసింది వేరు. పిల్ల పోయిందని పలకరించడానికి వచ్చిన వాళ్లతో అత్త, "తల్లి రాత్రంతా మొద్దునిద్ర పోయిండాది. పిల్లకు జరమని ఎవరికన్నా చెప్తే గదా!" అంది. మొగుడు పక్కనే కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. కాదనలేదు. ఆ ఏడు వేరుశనగ బాగా కాసింది. తర్వాత పుట్టిన ఆంజనేయ ఆ మాట వింటూనే పెరిగాడు. అత్త పోయింది, మొగుడూ పోయాడు. పోయినవాళ్ల మీద మాట అనకూడదని ఈరక్క నోరు మెదపలేదు.

అందుకే నవలలో వాన పడనివ్వలేదు. నేల నెర్రెలిచ్చినా సరే. వాన పడకపోతే ఎద్దులు కట్టరు. ఎద్దులు కట్టకపోతే గంగ వాకిట్లో ఆడుకుంటూ ఉంటుంది. ఈ సీమలో పుట్టి వాన వద్దనుకున్న మనిషి తనొక్కతేనేమో.

ఈరక్క మాడిన రొట్టె విరిచి నోట్లో పెట్టుకుంది. చేదు. 'నీ నిద్ర సంగతి అవ్వ చెప్పేదిలే' అన్నాడు కొడుకు. నవలలో వాన పడనంత కాలం ఊరికి అత్త చెప్పిందే కథ. గంగ నవలలో ఉంది గాని, ఎన్ని జడలు వేసినా ఇటు తిరగలేదు, మాట్లాడలేదు. అలా దాచిపెట్టుకున్నది పిల్లను కాదు, పిల్ల వీపును.

మధ్యాహ్నానికని కలిపి ఉంచిన పిండి మీద తట్ట బోర్లించింది. చెయ్యి కడుక్కుంది. కాగితాలు తెచ్చుకుని వాకిలి పక్కన కూర్చుంది. రొట్టెల దగ్గర వాక్యం కూర్చకుండా, నేరుగా రాసింది.

తూర్పున మెరిసింది. మొదటి చినుకు గంగ పాపిట మీద పడింది. పిల్ల తల పైకెత్తి, "అమ్మా, వాన" అంది.

అక్కడ ఈరక్క చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో కాగితం అద్ది, ఎద్దులు కట్టించింది. 'ఆయప్ప' అని రాయబోయి ఆగింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొగుని పేరే రాసింది. ఓబుళేశు అన్నాడు: "పదును పోతే మల్లా రాదు. పిల్ల యాడికి పోతాది?"

మధ్యాహ్నం ఆంజనేయ వచ్చాడు. చల్లారిన పొయ్యి వైపు, తల్లి వైపు చూశాడు.

"రొట్టెలు యాడమ్మా?"

"పిండి ఆడ్నే ఉండాది. తట్టుకో నాయనా."

"నేనా? నువ్వేం చేస్తాండావు?"

ఈరక్క తల ఎత్తలేదు.

"ఈడ వాన పడతాంది. సాలు నడమ నిలబడగూడదు."