నీళ్ల సమ్మయ్య ఆఖరి పరీక్ష

బోరింగు పిడిని ఇంకో నాలుగుసార్లు కొట్టేసరికి కుండ నిండింది. సమ్మయ్య దాన్ని ఎడమ భుజానికెత్తుకుని వరండా వైపు నడిచాడు.

తుమ్మలగట్టు హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లుగా అతను అటెండరు. గంట కొట్టడం, గదులు ఊడ్వడం, పరీక్షలప్పుడు హాల్లో నీళ్లివ్వడం. పొట్టి మనిషి. సన్నటి కాళ్లు, వాటికి అమరని పెద్ద పెద్ద చేతులు. ఊళ్లో అందరూ నీళ్ల సమ్మయ్య అంటారు. అతనికి అరవై నిండాయి. ఇది పందొమ్మిది వందల తొంభై, మార్చి నెలాఖరు. ఈ సాయంత్రంతో నౌకరీ ముగుస్తుంది.

అతని మనసు మాత్రం దాని మీద లేదు. ఇవాళ పదో తరగతి లెక్కల పరీక్ష. మూడో గదిలో అతని చిన్న బిడ్డ రిబ్కమ్మ రెండోసారి రాస్తోంది. ఈసారి పాసైతే మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు. తప్పితే తల్లి సత్తవ్వ వెంట దామోదర్‌రావు దొర పొలంలో కలుపు తీయాలి.

"సమ్మన్నా, జర ఆగు."

గోడ చాటునుంచి అంజన్న వచ్చాడు. దొర దగ్గర పనిచేసే మనిషి. చుట్టూ చూసి, మడత పెట్టిన రెండు చిట్టీలు సమ్మయ్య చేతిలో కుక్కాడు.

"ఒకటి మా చిన్న దొర శ్రీధర్‌రావుకు. ఇంకోటి నీ బిడ్డకు. నీ బిడ్డది ఊకెనే, పైస లేదు."

"నాతోని కాదు అంజన్నా."

"ఎందుక్కాదు? అందరి జేబులు దేవులాడుతరు. నీళ్లోన్ని ఎవడన్న దేవులాడిండా? పద్నాలుగేండ్ల కింద పెద్ద దొరకు అందిచ్చింది నువ్వే గద. గప్పుడు వణకని చెయ్యి గిప్పుడు వణుకుతుందా?"

అది నిజమే. దొర పెద్ద కొడుకు జనార్దన్‌రావుకు ఆ ఏడు చిట్టీ చేరవేసింది సమ్మయ్యే. ఒక్క చిట్టీకి లోకం మునిగిపోతుందా అనుకున్నాడు. మునగలేదు. జనార్దన్‌రావు పాసయ్యాడు. కరీంనగర్ వెళ్లి ఎలా చదివాడో ఏమో, పైరవీతో ఇదే బడికి లెక్కల సారుగా తిరిగొచ్చాడు. కష్టమైన లెక్క వస్తే, "ఇది పరీక్షల రాదు, ఇడ్వుండ్రి" అని బోర్డు తుడిచేస్తాడు. నిరుడు అవే లెక్కలొచ్చాయి. తరగతిలో సగానికి పైగా తప్పారు. రిబ్కమ్మ కూడా.

అప్పుడు ఊరంతా సర్కారును తిట్టింది. పన్నులు కడుతుంటే బడి గిట్లనా అన్నారు.  ఎవర్ని తిట్టాలో సమ్మయ్యకు మాత్రం బాగా తెలుసు.

ఆ ఏడాదంతా రిబ్కమ్మ పాత పుస్తకం ముందేసుకుని, ఇంటి వెనక గోడ మీద బొగ్గుతో లెక్కలు చేసింది. గోడ నిండితే సున్నం పూసి మళ్లీ మొదలుపెట్టేది.

"గివి ఎవలు చేసిచ్చిండ్రు?" చిట్టీలు చూపిస్తూ అడిగాడు సమ్మయ్య.

"ఇంకెవలు? పేపర్ బయటికి రాంగనే మా జనార్దన్ సారే చేసిండు."

అంజన్న వెళ్లిపోయాడు. చిట్టీలు సమ్మయ్య పిడికిట్లోనే ఉన్నాయి. పారేయాలనిపించింది. బిడ్డకు ఖాళీ కాగితం కన్నా ఆ సారు తప్పుల కాగితమే నయమేమో అనీ అనిపించింది. పరీక్ష మొదలై గంట సేపయిందని గంట కొట్టి హాల్లోకి వెళ్లాడు.

పదకొండు దాటాక రిబ్కమ్మ చెయ్యెత్తింది.

సమ్మయ్య కుండలోంచి నీళ్లు ముంచాడు. గ్లాసు అడుగున రెండు వేళ్ల మధ్య ఒక చిట్టీ పెట్టుకుని వెళ్లాడు. పరీక్ష రాసే పిల్లల్ని ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తున్నాడు. రానివాళ్లు కలం కొరుకుతారు. కిటికీ వైపు చూస్తారు. ప్రశ్న నంబరు మీదే మళ్లీ మళ్లీ దిద్దుతారు.

రిబ్కమ్మ ముందు నాలుగు అదనపు కాగితాలు దారంతో కట్టి ఉన్నాయి. ఐదోది సగం నిండింది.

"జల్ది ఇయ్యి, బాపూ," అంది తల ఎత్తకుండా. "ఇంక రెండు లెక్కలే ఉన్నయి."

గటగటా తాగి గ్లాసు తిరిగిచ్చింది. అతని వేళ్ల మధ్య ఏముందో చూడనే లేదు. సమ్మయ్య చిట్టీని మళ్లీ పిడికిట్లోకి మడుచుకున్నాడు.

వెనక బెంచీలోంచి శ్రీధర్‌రావు చెయ్యెత్తాడు. నీళ్లు తాగి, గ్లాసు అడుగు తడిమి, "ఇంకేం లేవా?" అని గొణిగాడు.

"ఉన్నయి దొరా. ఇంకో గ్లాసు పొయ్యన్నా?"

సమ్మయ్య వరండాలోకొచ్చాడు. గ్లాసులు కడిగే బకెట్లో రెండు చిట్టీలూ ముంచి, చేత్తో నలిపాడు. సిరా కరిగింది. కాగితం పిప్పి అయింది.

అప్పుడే గేటు దగ్గర జీపు బ్రేకు కీచుమంది. స్క్వాడ్.

జీపు దిగిన అధికారి సరళాదేవి నేరుగా అతని దగ్గరికే వచ్చింది. "ఈసారి నీళ్లాయన జేబులు కూడా చూడండి."

జవాను జేబులు తిప్పి చూశాడు. కుండలో చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ లేవు. సరళాదేవి చూపు బకెట్ మీద ఆగింది.

"నీళ్లకు ఈ రంగేమిటయ్యా?"

"ఎవలియో లెక్కలు మేడం. కరిగిపోయినయి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తడిసిన ఆ పెద్ద చేతుల్ని చూసింది.

"పారబొయ్యి," అని మూడో గదిలోకి వెళ్లిపోయింది.

ఆఖరి గంట సమ్మయ్యే కొట్టాడు. గేటు దగ్గర అంజన్న కాచుకుని ఉన్నాడు.

"మా చిన్న దొరకు చిట్టీ అందలేదట. దొరకేం చెప్పాలె నేను?"

"నా నౌకరి ఐపోయిందని చెప్పు. కుండ వరండాల ఉన్నది. వచ్చే ఏడు నువ్వు మొయ్యి."

రిబ్కమ్మ బయటికొచ్చి తండ్రి పక్కన నడిచింది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"ఒక్కటి ఇడిసిపెట్టిన. పాసైత, బాపూ."

 హెడ్మాస్టరు వీడ్కోలు పూలదండ పట్టుకుని సమ్మయ్య కోసం గదిగదీ వెతికేసరికి తండ్రీకూతుళ్లు రోడ్డు మలుపు తిరిగిపోయారు. స్టాఫ్ రూంలో తలుపు వెనక మేకుకు సమ్మయ్య ఖాకీ కోటు వేలాడుతోంది. మిగతా అంతా ఇంకా ఖాకీయే, కుండ మోసిన ఎడమ భుజం ఒక్కటే వెలిసి తెల్లబడింది.