పేరు చెప్పని ప్రార్థన

నేను ఒక మైకు బాకాను. ఉమ్మెత్త పువ్వులా నోరు తెరుచుకుని, చర్చి గుడి మీద ఇనప గొట్టానికి వేలాడుతూ బతికినదాన్ని. నాకు సొంత మాటంటూ లేదు. ఎవరు ఏం చెప్పినా పెద్దగా చెప్పడం ఒక్కటే నాకు తెలిసిన పని.

విజయవాడలో ఒక ఇరుకు షెడ్డులో అల్యూమినియం రేకును చుట్టి నన్ను తయారుచేశారు. మొదట కొన్నది మైకుసెట్టు అద్దెకిచ్చే ఒకాయన. ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ పెళ్లిళ్లలో పాటలు మోగించాను, ఎన్నికల్లో జీపెక్కి తిరిగాను. పొద్దున ఒక నాయకుణ్ణి ఆకాశానికెత్తి, సాయంత్రం ఇంకో జీపెక్కి అదే నాయకుడి మీద దుమ్మెత్తి పోశాను. నన్నెవరూ తప్పు పట్టలేదు. మాటను పెద్దగా చెప్తే వచ్చే నష్టమేమీ లేదని అప్పట్లో అనుకున్నాను.

ఆయన దుకాణం ఎత్తేస్తుంటే పేటలోని గుడివాళ్లు నన్ను కొన్నారు. నిజానికి కొన్నది ఆడవాళ్లు. ఆ పేటలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. అలా చేరిన బియ్యం అమ్మి నన్ను తెచ్చారు. ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలు పోగుచేసింది లేయమ్మ. గుడి పక్కిల్లే ఆమెది. సరిగ్గా నా కిందే ఆమె పెరడు, పాక, గేదె. నన్ను బిగించిన రోజు నడుం మీద చెయ్యేసుకుని పైకి చూసి, "ఇదిగో, మా బియ్యం తిని వచ్చినదానివి. గరగరమన్నావంటే దించి కోళ్లగంపకి మూతేస్తా" అంది. కింద ఆడవాళ్లంతా ఒకటే నవ్వు.

ఆ గుడి పాస్టరు విజయానందం గారు. పేటలో అందరూ అయ్యగారంటారు. రోజూ తెల్లవారగానే ఆయన నాలోంచి ప్రార్థన మనవులు చెప్పేవారు. సంసోను కొడుక్కి పరీక్షలు, రూతమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎవరిదో పొలం తగాదా. అన్నీ పేరు పెట్టి చెప్పేవారు. మైకులో పేరు వినపడితే ఆ ఇంటికి గొప్ప. మరిచిపోతే ఆ ఇంటివాళ్లు అయ్యగారికి వందనాలు కూడా చెప్పకుండా మొహం తిప్పుకునేవాళ్లు.

కరోనా వచ్చింది. గుడి తలుపులు మూశారు. అయ్యగారు ఒక్కరే లోపల కూర్చుని నాలోంచి పేటతో మాట్లాడేవారు. "గుడి మూశాం గానీ దేవుడు చెవులు మూసుకోలేదు. ఇంట్లోనే మోకరించండి. మూతికి గుడ్డ కట్టుకోవడం అవిశ్వాసం కాదు, పక్కవాణ్ణి ప్రేమించడం. చేతులు సబ్బుతో కడుక్కోండి. జ్వరమొస్తే దాచొద్దు, ఆయాసమొస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. భయపడకండి." మంచి మాటలు. జనం విన్నారు కూడా.

ఒక పొద్దున అలవాటుకొద్దీ ఆయన అన్నారు: "మన బర్నబాసుకి జ్వరం, ఆయాసం. ఆసుపత్రిలో చేర్చాం. పేరు పెట్టి ప్రార్థన చేయండి."

చేశారేమో తెలియదు. పంపు దగ్గర మాత్రం బర్నబాసు భార్య బిందెను ఎవరో కర్రతో పక్కకు నెట్టారు. కొట్టువాడు ఆమెను మెట్టెక్కనివ్వలేదు. బర్నబాసు నయమై ఇంటికొచ్చినా ఆ గుమ్మం వైపు ఎవరూ తొంగిచూడలేదు. ఆయన భార్య లేయమ్మ గోడ దగ్గరికొచ్చి ఏడ్చింది. "దేవుడికి చెప్పండయ్యా అంటే ఊరికి చెప్పాడు వదినా."

తర్వాత కొన్నాళ్లకు లేయమ్మకి జ్వరంతో ఒళ్లు కాలింది. కొడుకు ఎప్పుడో పోయాడు. ఇంట్లో ఆమె, కోడలు కెజియా. పాలు అమ్ముకుని బతికే ఇల్లు.

"అయ్యగారికి చెప్తానత్తా. బండి మాట్టాడతారు," అంది కెజియా.

"చెప్పమాక. రేపు పొద్దున్నే నా పేరు మైకులో పడిద్ది. ఆ తర్వాత మన పాలు ఎవురు పోయించుకుంటారే? నేను పాకలో పడుకుంటా. నువ్వు నా దగ్గరికి రామాక."

"జొరం దాచొద్దని ఆయన రోజూ మొత్తుకుంటన్నాడుగా?"

"మొత్తుకుంటన్నాడు. దాచకపోతే ఏమయిద్దో కూడా ఆయనే చూపించాడు."

రోజూ నేను ఆమె నెత్తి మీదే అరిచేదాన్ని, జ్వరం దాచొద్దని. ఆమె పాకలో దుప్పటి కప్పుకుని ఆవిరి పడుతూ వినేది. నేను మోగుతున్నంతసేపూ తెగ దగ్గేది. ఆ మోతలో ఎవరికీ వినపడదని. నేను ఆగగానే కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ దగ్గు విన్నది నేనొక్కదాన్నే. విన్నది చెప్పడానికి నాకు నోరుంది గానీ మాట లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె లేవలేకపోయింది. కెజియా అయ్యగారింటికి పరుగెత్తింది. ఆయన అప్పటికప్పుడు బండి తెప్పించారు. ఆసుపత్రిలో మరీ ఆలస్యమైందన్నారు. ఆమె పోయిన కబురు తెలిశాక అయ్యగారు గుడి మెట్ల దగ్గర కెజియాని అడిగారు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మైకులో చెప్తారనండి, అయ్యగారూ."

ఆయన మెట్టు మీద కూలబడ్డారు.

సమాధి దగ్గరికి జనం వెళ్లడానికి వీల్లేదు. ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడితే మైకులో ఆదరణ ప్రార్థన చేస్తానన్నారు అయ్యగారు. కెజియా తలడ్డంగా ఊపింది. "చెయ్యండి. మా అత్త పేరు మాత్రం చెప్పమాకండి. ఆమె వద్దంది."

మీట నొక్కారు. ముందు నాలోంచి ఆయన ఊపిరి వినిపించింది. తర్వాత, "మన సహోదరి ఒకామె ప్రభువు దగ్గరికి వెళ్లింది" అన్నారు. అక్కడ పేరు రావాలి. నేను కాచుకుని ఉన్నాను. రాలేదు. గుమ్మాల్లో నిలబడినవాళ్లందరికీ ఆ పేరు తెలుసు. ఏడుస్తున్నారు.

మర్నాటి నుంచి అయ్యగారు మనవులు చెప్పడం మానేశారు. మూతికి గుడ్డ కట్టుకుని గేటు గేటుకీ నడిచేవారు. మొదట ఆగింది బర్నబాసు గేటు దగ్గర. చేతులు జోడించి ఏదో అన్నారు, నా దాకా రాలేదు. తర్వాత ప్రతి ఇంటి ముందూ దూరంగా నిలబడి, గొంతు తగ్గించి అడిగేవారు. జనం చెప్పడం మొదలుపెట్టారు. కొందరు వేళకి ఆసుపత్రికి చేరారు, తిరిగొచ్చారు. ఆ పనిలో నా అవసరం ఎక్కడా రాలేదు. గొంతు తగ్గించడం నాకు చేతకాదు.

గుడి మళ్లీ తెరిచాక లోపలికి కొత్త స్పీకర్లు, నల్ల పెట్టెలు, తెచ్చారు. నన్ను దించి వెనక గదిలో విరిగిన కుర్చీల మీద పడేశారు. నా నోట్లో సాలీడు గూడు కట్టుకుంది.

లేయమ్మ జ్ఞాపకార్థ కూటం రోజున గోడకవతల కెజియా గొంతు వినిపించింది. "ఈసారి పేరు చెప్పండయ్యగారూ. గట్టిగా చెప్పండి."

ఆయన చెప్పారు. ఆ పేరు నల్ల పెట్టెల్లోంచి వచ్చింది. గోడకివతల పడి ఉండి, నేను విన్నాను.