తల్లి పెట్టిన పేరు

ప్రేమజ్యోతి ఆడపడుచు డెట్రాయిట్ నుంచి పెద్ద సూట్‌కేసుతో దిగిన రోజే నేను మా ఆయనతో అన్నాను, ఈవిడ తిరిగి వెళ్ళేలోపు ఆ ఇంట్లో గొడవ ఖాయమని. "పక్కింటి గొడవంటే నీకు పండగ" అన్నారాయన. కాదనను. 1983లో నార్త్ కరోలినాలోని క్యారీలో మనిషికి అంతకు మించిన కాలక్షేపం ఏముంది గనక? కారు లేకపోతే కూరగాయలు కూడా లేని ఊరది.

మా అపార్ట్‌మెంట్లలో ఒకే వరసలో మూడిళ్ళు మావి. మొదటిది నాది. నడిమింట్లో గుంటూరు నుంచి వచ్చిన ప్రేమజ్యోతి, ఆమె భర్త దైవాశీర్వాదం. అతను మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవాడు. చివరింట్లో చాందిరు. ఆమెది ఉగాండాలో వాయవ్య మూల, లుగ్బరా తెగవాళ్ళ ప్రాంతం. భర్త పక్కనున్న రాలీలో పంటల మీద పైచదువు చదువుతున్నాడు. చాందిరు తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా ముద్ద కెలికి, ఒకే పళ్ళెంలో పెట్టి అందర్నీ చుట్టూ కూర్చోమనేది. ప్రేమజ్యోతి మొదటిసారి చూసి "అయ్యో, ఇది మా సంకటే కదండీ!" అని కేక పెట్టింది. అప్పటినుంచి మధ్యాహ్నాలు మా ముగ్గురిదీ ఒకే పళ్ళెం. మాటలన్నీ ఇంగ్లీషులోనే, ఎవరి ఇంగ్లీషు వాళ్ళది.

ప్రేమజ్యోతికి నెలలు నిండుతున్న రోజుల్లో ఒకసారి పేర్ల మాట వచ్చింది. తన పేరుకు అర్థం కష్టం అని చాందిరు చెప్పింది. మేం నోరు వెళ్ళబెట్టాం. కన్నబిడ్డకి ఎవరైనా అలాంటి పేరు పెడతారా?

"మా వైపు పేరు పెట్టేది చాలాసార్లు తల్లే. ఇంట్లో ఏం జరుగుతోందో పేరులో చెప్పేస్తుంది" అంది చాందిరు. "నేను పుట్టిన ఏడాది మా నాయనమ్మ మా అమ్మతో మాట్లాడేది కాదు. కోడలు అత్తగారితో దెబ్బలాడితే తప్పు. అందుకని మా అమ్మ దెబ్బలాడలేదు. రోజూ పొద్దుగూకే వేళకి గుమ్మంలో నిలబడి, నాయనమ్మకి వినపడేటట్టు 'కష్టమా, ఇంటికి రా!' అని నన్ను పిలిచేది."

నాకు నవ్వు ఆగలేదు. ఇంత హాయిగా మాట అనే మార్గం మన వాళ్ళకి తట్టలేదే అని కుళ్ళుకున్నాను కూడా. మరి నాయనమ్మ ఏం చేసిందని అడిగాను.

"చాన్నాళ్ళు విననట్టే ఉంది. తర్వాత ఒకరోజు కోడిని పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వండుకుని అందరం కలిసి తిన్నాం. నా తర్వాత పుట్టిన చెల్లి పేరు ఆయికోరు. అంటే సంతోషం."

ప్రేమజ్యోతి మాత్రం నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచిస్తూ ఉండిపోయింది.

ఆడపడుచు దేవకుమారి గారు చెడ్డమనిషని నేననను. తల్లీతండ్రీ పోతే తమ్ముణ్ణి తనే పెంచింది, నర్సు ఉద్యోగం చేసి చదివించింది, అమెరికా రప్పించింది. పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన మర్నాడే ఫ్రీజర్ నిండా కూరలు వండి పడేసింది. కాకపోతే ఏదీ ఒకరిని అడిగి చేసే అలవాటు ఆవిడకి లేదు. ఉయ్యాల మంచం కిటికీ దగ్గర్నుంచి గోడ పక్కకి జరిపింది. కర్టెన్లు మార్చింది. వాళ్ళ వంశంలో పుట్టిన ప్రతి బిడ్డకీ పేరు ఆవిడ నోటినుంచే రావాలి, ఆ పేరే పాస్టర్ గారు ప్రార్థనలో చెప్పాలి. ఈసారి కూడా పేరు సూట్‌కేసుతో పాటే తెచ్చేసింది. మగపిల్లాడైతే కరుణాకర్, ఆడపిల్లయితే కరుణామణి.

"పేరు బాగాలేదని కాదు జయంతి గారూ" అంది ప్రేమజ్యోతి నాతో, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "ఇన్ని నెలలు మోసింది నేను. నీకేం ఇష్టమే అని ఒక్క మాట అడిగితే వదిన సొమ్మేం పోతుందండీ? ఆయనతో చెప్తే, అక్క మాట కాదంటే ఎలా అంటారు."

దైవాశీర్వాదం అంతే. ల్యాబ్‌లో ఎలుకల్ని ఆడిస్తాడు, ఇంట్లో తనే ఎలుక.

ఆడపిల్ల పుట్టింది. మర్నాడు మధ్యాహ్నం నేనూ చాందిరూ చారు, మెత్తటి అన్నం తీసుకుని హాస్పిటల్‌కి వెళ్ళేసరికి గదిలో అందరూ ఉన్నారు. మా వెనకాలే హాస్పిటల్ ఆఫీసు నుంచి ఒక తెల్లావిడ ఫామ్ పట్టుకుని వచ్చింది. బర్త్ సర్టిఫికెట్‌కి పాప పేరు కావాలిట. మన దేశంలో అయితే పేరు లేకుండా పిల్లలు నెలలు గడిపేస్తారు. ఇక్కడ ఇంటికి వెళ్ళేలోపే చెప్పాలంటారు.

"కరుణామణి" అని దేవకుమారి గారు ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెట్టింది. "కె, ఎ, ఆర్..."

"ఎక్స్‌క్యూజ్ మీ" అంది మంచం మీదనుంచి ప్రేమజ్యోతి. "పాప తల్లిని నేను. పేరు నేను చెప్తాను."

ఆఫీసు ఆవిడ అటు తిరిగింది.

"అడగలేదు" అంది ప్రేమజ్యోతి. మొహంలో ఒక్క నరం కదల్లేదు.

"వావ్, బ్యూటిఫుల్ నేమ్!" అంది ఆ మహాతల్లి. "స్పెల్లింగ్ చెప్తారా?"

"ఎ, డి, ఎ, జి, ఎ..."

మేం ఇచ్చిన చారు ఫ్లాస్కు దైవాశీర్వాదం చేతిలోంచి కిందపడింది. చారు పోతే పోయింది గానీ నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. చాందిరు నా మోచెయ్యి గిల్లి, ఆ మాటకి అర్థమేమిటని గుసగుసగా అడిగింది. చెప్పాను. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

"జ్యోతీ! ఏంటే ఈ పిచ్చి?" అన్నాడు మొగుడు.

"పిచ్చేం లేదండీ. జరిగిందే పేరు పెట్టాను. రేపట్నుంచి రోజూ గుమ్మంలో నిలబడి ఆ పేరుతోనే పిలుస్తాను."

దేవకుమారి గారు అరుస్తుందనుకున్నాను. కుర్చీలో కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఆఫీసు ఆవిడతో చాలా మర్యాదగా, కాసేపాగి రమ్మని చెప్పింది. ఆవిడ వెళ్ళింది. పాప ఆవలించింది.

"ఆ పేరు నాది" అంది దేవకుమారి గారు చివరికి.

ఎవరికీ అర్థం కాలేదు.

"అమ్మ పోయినప్పుడు నేను బళ్ళో చదువుతున్నానే. తమ్ముణ్ణి చూసుకుంటావా అని నన్నెవరూ అడగలేదు. పుస్తకాలు తీసేసి వీణ్ణి నా చంకకెత్తారు. తర్వాత పెళ్ళి చేసుకుంటావా అనీ అడగలేదు. అడిగితే ఏమయ్యేదో నాకూ తెలీదనుకో. అలా అలవాటైపోయింది. ఒకర్ని అడగాలని నాకూ తట్టదు." ఆవిడ కుర్చీ మంచం దగ్గరకి జరుపుకుంది. "తప్పే జ్యోతీ. చెప్పు, పాపకి ఏం పేరు పెట్టాలనుంది నీకు?"

దైవాశీర్వాదం తల దించుకుని నేల తుడుస్తున్నాడు. అతని కళ్ళు కూడా తడిసే ఉన్నాయి, నేను చూశాను.

ప్రేమజ్యోతి చెయ్యి చాపి వదినగారి చెయ్యి పట్టుకుంది. "నేనసలు పేరు అనుకోనేలేదు వదినా. అడిగారు, నాకది చాలు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతాను, చెప్పండి. వంశం కోసం కాదు, ప్రార్థన కోసం కాదు. చిన్నప్పుడు మీకు ఏ పేరంటే ఇష్టం?"

దేవకుమారి గారు సిగ్గుపడింది. అంత పెద్దమనిషి, ఒక వార్డునంతా కంటిచూపుతో నడిపే మనిషి, కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"పరిమళ" అంది. "బళ్ళో ఉన్నప్పుడు నాకు ఆ పేరుంటే బావుండుననుకునేదాన్ని. పలక మీద రాసుకుని, ఎవరైనా వస్తే చెరిపేసేదాన్ని."

"అయితే అదే" అంది ప్రేమజ్యోతి. మొగుణ్ణి అడగలేదు. అడగక్కర్లేదని అతనికీ తెలుసు.

ఆఫీసు ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు అక్షరాలు ఇద్దరూ కలిసి చెప్పారు. పాత పేరే బావుందని ఆవిడ కాస్త నిరాశపడింది. చాందిరుకి అంతా విడమర్చి చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. విని ఆమె చాలా సంతోషించింది, "మా నాయనమ్మకి ఏళ్ళు పట్టింది, మీ దేవకుమారి గారికి పూటైనా పట్టలేదు" అని మెచ్చుకుంది.

సాయంత్రం దాకా దేవకుమారి గారు పాపని ఒళ్ళోంచి దించలేదు. "పరిమళా, పరిమళా" అని మెల్లగా పిలుస్తూనే ఉంది. పాప నిద్రపోతోంది. పిలిచిన ప్రతిసారీ ఆవిడే పలకబోయి ఆగింది.